పంచనామాకెక్కని నష్టం

(యూనియన్ శిక్షణ తరగతిలో కార్యదర్శి చేసిన ఉపన్యాస పాఠం)



ఈ రోజు నాకు అప్పగించిన విషయం, చిన్నతనంలో కరువు, వరద, భూకంపం వంటి ప్రకృతి వైపరీత్యాలకు గురైన పిల్లల చదువు ఏమవుతుంది, పెద్దయ్యాక వాళ్ళకు ఎటువంటి పని దొరుకుతుంది అన్నది. ఈ అంశం చూసి కొందరు మిత్రులు నన్ను అడిగారు: "బోనసు ఉంది, ప్రావిడెంట్ ఫండ్ ఉంది, కనీస వేతనం ఉంది. ఇన్ని సమస్యలుండగా యూనియన్‌కు వానతో, కరువుతో ఏం పని? అవి తహసీల్దారు చూసుకునే సంగతులు కదా?" అని. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాను.

జవాబు ముందే చెబుతాను, వివరం తర్వాత చెబుతాను. కరువు ఒకటి రెండేళ్ళలో పోతుంది. వరద నాలుగు రోజుల్లో తీస్తుంది. కానీ ఆ సమయంలో తల్లి కడుపులో ఉన్న బిడ్డను, పాలు తాగే బిడ్డను, బడికి పోయే బిడ్డను అది ముప్పయి, నలభై ఏళ్ళదాకా వదిలిపెట్టదు. కార్ఖానా గేటు ముందు పొద్దున్నే బదిలీ పని కోసం నిలబడే మనుషులను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి అడగండి. ఏ తరగతిలో బడి మానావు, ఎందుకు మానావు అని. చాలామంది నోట కరువు మాటో, వరద మాటో వస్తుంది. తక్కువ పగారుకు తల ఊపే మనిషి ఎక్కడ తయారవుతున్నాడో తెలుసుకోకుండా పగారు కోసం కొట్లాడితే అది సగం పోరాటమే.

మన వలసలోనే ఉన్న కథ

మనం షోలాపూర్‌లో ఉన్న తెలుగువాళ్ళం. మన తాతలు, ముత్తాతలు కరీంనగర్, నల్లగొండ, మెదక్, పాలమూరు వైపు నుంచి వచ్చారు. ఎందుకు వచ్చారంటే కారణాలు చాలా ఉన్నాయి. చేతి మగ్గానికి గిరాకీ తగ్గడం ఒకటి, ఇక్కడ నూలు, మిల్లు, మార్కెట్ ఉండడం ఒకటి. వాటితోపాటు కరువు. 1876 నుంచి 1878 దాకా దక్కన్ అంతటా పడిన మహా కరువు చరిత్ర పుస్తకాల్లో ఉంది. షోలాపూర్ జిల్లా ఆ కరువులో బాగా దెబ్బతిన్నది. ఈ ఊళ్ళో మొదటి బట్టల మిల్లు నడక మొదలైంది కూడా ఆ కాలంలోనే, 1877లో. మిల్లుకు కూలీలు కావాలి, కరువు కూలీలను తయారుచేసి పెట్టింది. ఈ రెండూ ఒకే ఊళ్ళో ఒకే కాలంలో కలిశాయి. భివండీలో, ముంబయిలో, సూరత్‌లో ఉన్న మనవాళ్ళను అడిగినా ఊరు పేరు మారుతుందేమో గాని కథ పెద్దగా మారదు.

1972

ఇక మన తరం చూసిన కరువు సంగతి. 1970 నుంచి 1973 దాకా మహారాష్ట్రలో వరుసగా వానలు దెబ్బతిన్నాయి. ఆఖరి ఏడు మరీ ఘోరం. ఇక్కడివాళ్ళు ఇప్పటికీ దాన్ని "బాహత్తర్‌చా దుష్కాళ్" అంటారు, అంటే డెబ్బై రెండు కరువు. 1973 మే నెలలో ఈ రాష్ట్రంలో దాదాపు 50 లక్షల మంది ప్రభుత్వ సహాయపు పనుల మీద ఉన్నారు. రాళ్ళు కొట్టారు, చెరువులు తవ్వారు, రోడ్లు వేశారు. పని చోట సుకడి అని ఒక పిండి పదార్థం పంచేవారు. అమెరికా నుంచి వచ్చిన ఎర్ర జొన్నలు, మైలో అనేవారు, అవే రొట్టె చేసుకొని తిన్నారు.

పట్నంలో ఉన్న మనకు పొలం లేదు గదా, మనకేం కరువు అనుకుంటారు. పల్లెలో పంట లేకపోతే బజారులో చీర కొనేవాడు ఉండడు, చాదర్ కొనేవాడు ఉండడు. సరుకు కదలకపోతే శేటు సాంచాలు ఆపుతాడు. ఇటు పని తగ్గుతుంది, అటు జొన్నల ధర పెరుగుతుంది. పొలం ఎండినవాడిని, మగ్గం ఆగినవాడిని కరువు ఒకే దుకాణం ముందు నిలబెడుతుంది.

నాకప్పుడు ఐదేళ్ళు. మా అక్కయ్యకు పదకొండు. ఐదో తరగతి చదువుతుండేది. లెక్కల్లో ముందుండేదని మా అమ్మ చెబుతుంటుంది. నాన్నకు వారంలో మూడు రోజులు పని. అమ్మ రోజూ చేసే బీడీలు ఇల్లు గడవడానికి చాలేవి కావు. అక్కయ్యను బడి మాన్పించి చాట ముందు కూర్చోబెట్టారు. "ఈ ఒక్క ఏడే, వానలు పడగానే మళ్ళీ పంపిద్దాం" అనుకున్నారు. వానలు పడ్డాయి. అక్కయ్య మాత్రం బడికి పోలేదు. ఒక సంవత్సరం వెనకబడ్డ పిల్ల తనకంటే చిన్నపిల్లల పక్కన కూర్చోవడానికి సిగ్గుపడింది. ఇంట్లో ఆ రోజుకు వెయ్యి బీడీల లెక్కకు అలవాటు పడిపోయారు. మర్నాటి ఏడు నన్ను బడిలో వేశారు. నేను పదో తరగతి దాకా చదివాను, అందులో అక్కయ్య చుట్టిన బీడీల డబ్బు ఉంది.

ఆ ఒక్క సంవత్సరం ఖరీదు ఎంతో చూడండి. అక్కయ్య ఏళ్ళ తరబడి అమ్మ కార్డు మీదనే బీడీలు చేసింది. కార్ఖానా రికార్డులో ఆమె పేరు లేదు. తర్వాత బీడీ కార్మికులకు ప్రావిడెంట్ ఫండ్ వచ్చినప్పుడు ఆమె ఆ ఏళ్ళ సర్వీసు లెక్కలోకి రాలేదు. కార్డు ఎవరి పేరున ఉందో చదువుకోగలిగిన మనిషైతే అడిగి ఉండేది. ఇప్పుడామె చేతికొచ్చే పెన్షన్ ఎంతో మీరే ఊహించుకోండి. 1972లో వాన పడకపోవడానికి, ఈనాటి ఆ పెన్షన్‌కు మధ్య తీగ ఉంది. ఆ తీగ ఐదో తరగతి గదిలోంచి పోయింది.

ఇది ఒక్క ఇంటి కథే అని మీరు అనవచ్చు. అందుకే ఇతరులు లెక్క కట్టి చూసిన సంగతులు కూడా చెబుతాను.

దెబ్బ వయసును బట్టి తగులుతుంది

మొదటిది, కడుపులో ఉన్న బిడ్డ, రెండు మూడేళ్ళ లోపు బిడ్డ. ఎముక, మెదడు పెరిగే కాలం అది. ఆ కాలంలో తిండి తగ్గితే తర్వాత ఎంత పెట్టినా పూర్తిగా పూడడం కష్టం. ఆఫ్రికాలో జింబాబ్వే అనే దేశం ఉంది. అక్కడ 1982 నుంచి 1984 దాకా కరువు వచ్చింది. అప్పుడు ఏడాది నుంచి మూడేళ్ళ మధ్య వయసున్న పిల్లలను పెద్దయ్యేదాకా గమనించారు. కరువు దెబ్బకు వాళ్ళ ఎత్తు రెండు సెంటీమీటర్లకు పైగా తగ్గింది. బడిలో చేరడం ఆలస్యమైంది, చదివిన తరగతులు కూడా తగ్గాయి. రెండు సెంటీమీటర్లు ఏమంత పెద్ద విషయం అనుకోకండి. ఎత్తు తగ్గిందంటే లోపల ఇంకా ఏమేమి తగ్గాయో చెప్పే గుర్తు అది. పాఠం ఎక్కే శక్తి, జబ్బును తట్టుకొనే శక్తి, పన్నెండు గంటల పాళీలో నిలబడే శక్తి.

దక్షిణ అమెరికాలో పెరూ దేశంలో 1970లో పెద్ద భూకంపం వచ్చింది. అప్పుడు తల్లి కడుపులో ఉన్నవాళ్ళను 37 ఏళ్ళ తర్వాత లెక్క చూశారు. మగవాళ్ళు సగటున అర సంవత్సరం, ఆడవాళ్ళు ముప్పావు సంవత్సరానికి పైగా తక్కువ చదివారు. అంతటితో ఆగలేదు. ఆ ఆడవాళ్ళకు పుట్టిన పిల్లల చదువు కూడా తగ్గింది. కడుపులో ఉండగా తగిలిన దెబ్బ మనవలదాకా పోయిందన్నమాట.

రెండోది, బడి ఈడు పిల్ల. ఇక్కడ దెబ్బ శరీరానికి కన్నా ఇంటి లెక్కకు తగులుతుంది. దీనికి దూరదేశం పోనక్కర్లేదు. పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ సంస్థ 1975 నుంచి ఆరు పల్లెల్లో ఇంటింటి ఆదాయం, ఖర్చు, పని, ఆ పిల్లల బడి హాజరీ రాసి పెట్టింది. ఆ ఆరింటిలో రెండు మన షోలాపూర్ జిల్లావే, షిరాపూర్, కల్మన్. రెండు పాలమూరు జిల్లావి, ఔరేపల్లి, డోకూరు. మిగతా రెండు అకోలా జిల్లావి. అంటే మనం ఉంటున్న జిల్లా, మనలో చాలామంది వచ్చిన జిల్లా, రెండూ ఆ పుస్తకంలో ఉన్నాయి. ఆ లెక్కలను తీసి చదివినవాళ్ళు తేల్చినదేమిటంటే, ఆదాయం పడిపోయినప్పుడు అప్పు పుట్టని చిన్న కుటుంబాలు పిల్లలను బడి నుంచి తీస్తాయి. పెద్ద రైతు బ్యాంకు నుంచో, ధాన్యపు గాదె నుంచో తెచ్చుకుంటాడు. మనబోటివాడికి ఉన్న గాదె పిల్లవాడి బడి ఒక్కటే. ఆపద వస్తే దాన్నే విప్పుతాడు. తండ్రికి ప్రేమ లేక కాదు, వేరే దారి లేక.

మూడోది, పద్నాలుగు, పదహారేళ్ళ పిల్ల. పదో తరగతి గుమ్మం దగ్గర ఉన్నవాడు. ఆ ఒక్క ఏడు పరీక్ష తప్పితే సర్టిఫికెట్ లేదు. ఐటీఐలో మంచి కోర్సులు చాలావాటికి పదో తరగతి కావాలి. ఇప్పుడు మన ఊళ్ళో పాత సాంచాలను తుక్కు కింద అమ్మి రేపియర్ మగ్గాలు దించుతున్నారు. వాటికి కంప్యూటర్ పలక ఉంటుంది. దాన్ని చదివి, సరిచేయగలిగినవాడు ఫిట్టర్ అవుతాడు. చదవలేనివాడు టవళ్ళు మడతపెట్టే చోటుకు పోతాడు. పని ఒకే షెడ్డులో, పగారు మాత్రం ఒకటి కాదు.

ఆడపిల్ల మీద రెండింతలు

అక్కలారా, ఇది మీరు నాకన్నా బాగా ఎరుగుదురు. ఇండోనేషియా దేశంలో 1953 నుంచి 1974 దాకా పల్లెల్లో పుట్టినవాళ్ళను చూస్తే, పుట్టిన ఏడు వానలు బాగా పడ్డ చోట పుట్టిన ఆడపిల్లలు పెద్దయ్యాక ఎత్తు ఎక్కువ, చదువు ఎక్కువ, ఆస్తి ఎక్కువ. మగపిల్లల విషయంలో ఆ తేడా కనబడలేదు. అంటే ఏమిటి? వాన బాగా పడితే ఇంట్లో అందరికీ అందుతుంది. వాన పడకపోతే ఉన్నది మొదట మగపిల్లవాడి కంచంలోకి పోతుంది. మన దేశపు పల్లెల్లో కూడా వాన బాగున్న ఏడు పుట్టిన ఆడపిల్లలు బతికే అవకాశం పెరుగుతుందని లెక్కలు చెప్పాయి. ఇందులో ఎంత సిగ్గు ఉందో నేను చెప్పనక్కర్లేదు. వానదేవుడికి ఆడపిల్ల, మగపిల్లవాడు అన్న తేడా లేదు. ఆ తేడా పెట్టింది మనం.

ఒక మెలిక

ఇక్కడ ఒక మెలిక ఉంది, దాన్ని దాచడం సరికాదు. మన దేశంలోనే పల్లె పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చునో పరీక్షించి, దాన్ని వానల లెక్కతో కలిపి చూశారు. చంటి వయసులో వాన బాగా పడితే పిల్లలకు మేలు అని తేలింది, అది మనం అనుకున్నదే. కానీ బడి ఈడు పిల్లల విషయంలో తిరగబడింది. వాన బాగా పడి కూలి రేట్లు పెరిగిన ఏట పిల్లలు బడి మానడం ఎక్కువైంది. కూలి దొరకని కరువు ఏట కొంతమంది బడిలోనే ఉండిపోయారు.

దీని అర్థం కరువు మంచిదని కాదు. పిల్లవాడిని బడి నుంచి లాగేవి రెండు చేతులు. ఒకటి ఇంట్లో ఆకలి, రెండోది బయట చవకగా పిల్లలను పనిలో పెట్టుకునేవాడు. పొలంలో పని లేకపోతే పొలం పిల్లవాడు బడికి పోతాడు. కానీ మన ఇంట్లో బీడీ చాట, కండెలు చుట్టే చరఖా కరువులో కూడా ఆగవు. అవి ఇంట్లోనే ఉన్నాయి. ఎంత చేస్తే అంత డబ్బు. అందుకే పల్లెలో పొలం పిల్లవాడికి కరువు ఏట దొరికే ఆ కాస్త వెసులుబాటు మన పిల్లలకు దొరకదు. కరువు సహాయం ఒక్కటి అడిగి పిల్లల కూలి సంగతి వదిలేస్తే మన ఇళ్ళకు ప్రయోజనం లేదు. రెండూ కలిపి అడగాలి.

వరద, భూకంపం

కరువు నెమ్మదిగా వస్తుంది. భూకంపం, వరద చెప్పకుండా వస్తాయి. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున, గణపతి నిమజ్జనం ముగించుకొని జనం పడుకున్న వేళ, మనకు దగ్గరలోనే కిల్లారిలో భూమి కంపించింది. లాతూర్, ఉస్మానాబాద్ జిల్లాల పల్లెల్లో వేలాది మంది చనిపోయారు. లావుపాటి రాతి గోడలు, మట్టి కప్పులు నిద్రలో ఉన్నవాళ్ళ మీద పడ్డాయి. ఉన్నట్టుండి తల్లీ తండ్రీ లేని పిల్లలు మిగిలారు. అలాంటి పిల్లవాడికి ఇల్లు కట్టించి ఇచ్చినంతమాత్రాన సరిపోదు. రేపు బడికి లేపేదెవరు?

2005 జూలై 26న ముంబయి శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడింది. మరుసటి ఏడు ఆగస్టులో సూరత్ నీట మునిగింది. 2025 సెప్టెంబరులో మన సీనా నది పొంగి జిల్లాలో ఊళ్ళకు ఊళ్ళు నీళ్ళలో నిలిచాయి. వరద పిల్లల చదువును కొట్టేది మూడు దారుల్లో. పుస్తకాలు, సంచి పోతాయి. సర్టిఫికెట్లు, రేషన్ కార్డు తడిసి ముద్దవుతాయి. బడి గదిలో నిరాశ్రయులను ఉంచడం వల్ల పాఠాలు ఆగుతాయి. ఇందులో ఒక్కటీ పెద్ద ఖర్చు కాదు. అయినా పట్టించుకునేవాడు లేక నెలలు గడుస్తాయి. రెండు నెలలు బడికి దూరమైన పదమూడేళ్ళ పిల్లవాడు హోటల్లోనో, సైజింగ్‌లోనో పనికి కుదురుకుంటాడు. చేతికి మొదటి పగారు వచ్చాక వాడిని వెనక్కి తేవడం ఎంత కష్టమో మనకు తెలుసు.

పంచనామాలో ఏముంది?

ఆపద తర్వాత తలాఠీ వస్తాడు, పంచనామా రాస్తాడు. చనిపోయిన మనిషికి లెక్క ఉంది. కూలిన గోడకు లెక్క ఉంది. పోయిన పంటకు, చచ్చిన ఎద్దుకు, పాలిచ్చే బర్రెకు లెక్క ఉంది. ఉండాల్సిందే, నేను కాదనడం లేదు. కానీ ఇంట్లో ఏడాదిన్నర బిడ్డ ఉందా, ఆ బిడ్డకు పాలు అందుతున్నాయా, ఐదో తరగతి పిల్ల వచ్చే నెల బడికి పోతుందా అన్న గడి ఆ కాగితంలో లేదు. గోడ మళ్ళీ కట్టుకోవచ్చు, ఎద్దును అప్పు చేసి కొనవచ్చు. పోయిన బాల్యాన్ని మాత్రం ఏ ప్యాకేజీ తిరిగి ఇవ్వదు. అతి పెద్ద నష్టం కాగితానికి ఎక్కదు. కాగితానికి ఎక్కనిదానికి పరిహారం లేదు.

ఏం చేస్తే నిలబడతారు?

ఇది తలరాత అని చేతులు ముడుచుకోవడానికి ఇవన్నీ చెప్పలేదు. సమయానికి చేయి అందిస్తే ఈ దెబ్బ చాలావరకు తగ్గుతుందని కూడా అనుభవం చెబుతోంది.

1972 కరువులోనే మహారాష్ట్రలో ఉపాధి హామీ పథకం పుట్టింది. 1977లో అది చట్టమై 1979 జనవరి 26 నుంచి అమలులోకి వచ్చింది. పని అడగడం భిక్ష కాదు, హక్కు అని ఈ దేశంలో మొదట రాసుకున్నది ఈ రాష్ట్రమే. అది ఊరికే రాలేదు. కరువు పనుల మీది కూలీలు జరిపిన సమ్మెలు, మోర్చాలు దాని వెనుక ఉన్నాయి. తర్వాత 2005లో పార్లమెంటు చేసిన ఉపాధి హామీ చట్టానికి ఇదే దారి చూపింది. ఆ 2005 చట్టం కింద పనులు నడిచినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించి, చిన్న వయసులో కరువు తగిలిన పిల్లల మీద దాని దెబ్బను ఆ పనులు కొంత ఆపాయని తేల్చారు. తండ్రి చేతికి పని దొరికితే బిడ్డ ఎముక బలపడుతుంది. దీనికంటే మన యూనియన్ భాష ఇంకేముంటుంది?

రెండోది బడి భోజనం. బడిలో వండిన అన్నం పెట్టాలని 2001 నవంబరులో సుప్రీం కోర్టు ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 నుంచి అమలయింది. ఆ రాష్ట్రంలో కరీంనగర్, పాలమూరు, అనంతపురం వంటి జిల్లాల్లో దాదాపు 3 వేల మంది పిల్లలను 2002 నుంచి ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చారు. చిన్నతనంలో కరువు తగిలిన పిల్లలు బడి భోజనం తిన్న చోట తగ్గిన ఎత్తు, బరువు చాలావరకు పూడినట్టు కనబడింది. మధ్యాహ్నం పెట్టే ఆ పప్పన్నాన్ని తక్కువగా చూడకండి.

మూడోది, పిల్లవాడిని చేయి పట్టి బడిలో నిలబెట్టడం. కిల్లారి భూకంపం తర్వాత భారతీయ జైన్ సంఘటన అనే సంస్థ దాదాపు 1200 మంది పిల్లలను పుణె తీసుకుపోయి ఉంచి చదివించింది. అంత పెద్ద పని మన వల్ల కాకపోవచ్చు. కానీ మన వాడలో పన్నెండు మంది పిల్లలను చూసుకోవడం మన వల్ల అవుతుంది.

మన పని

కార్యకర్తలు ఈ మాటలు రాసుకోండి.

ఒకటి. వరదో, కరువో, అగ్నిప్రమాదమో ఏదైనా వచ్చినప్పుడు తలాఠీ పంచనామాతోపాటు మన పంచనామా కూడా జరగాలి. ప్రతి చాళ్‌లో, ప్రతి గల్లీలో ఒక నోటుబుక్కు. అందులో మూడు గడులు. మూడేళ్ళలోపు పిల్లలు, గర్భిణులు ఎవరు? బడి ఈడు పిల్లలు ఏ తరగతి, ఏ బడి? ఈ ఏడు పదో తరగతి, పన్నెండో తరగతి రాసేవాళ్ళు ఎవరు? ఆ జాబితాతోనే కలెక్టరు కచేరీకి పోవాలి.

రెండు. మూడేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు అంగన్‌వాడీ నుంచి ఇంటికిచ్చే సరుకు అందుతుందో లేదో మన మహిళా కార్యకర్తలు చూడాలి. పనికి పోయిన చోట పేరు నమోదు లేదని తిప్పి పంపితే యూనియన్ వెంట పోవాలి.

మూడు. బడి ప్రవేశం విషయంలో చట్టం మన వైపే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లవాడిని పుట్టిన తేదీ కాగితం లేదని బడిలో చేర్చుకోకుండా పంపకూడదు. పాత బడి నుంచి టీసీ రావడం ఆలస్యమైనా చేర్చుకోవాలి. మధ్యలో బడి మానిన పిల్లను ఆమె వయసుకు తగిన తరగతిలోనే కూర్చోబెట్టి, వెనకబడ్డ పాఠాలకు వేరే శిక్షణ ఇవ్వాలి. మా అక్కయ్య కాలంలో ఈ చట్టం లేదు. ఇప్పుడు ఉంది. కానీ అడిగేవాడు లేకపోతే చట్టం బీరువాలోనే ఉంటుంది.

నాలుగు. ఈ రాష్ట్రంలో కరువు ప్రకటించినప్పుడు ఇచ్చే రాయితీల్లో పిల్లల పరీక్ష ఫీజు మాఫీ ఉంటుంది. 2018లో 151 తాలూకాల్లో కరువు ప్రకటించినప్పుడు కూడా ఉంది. ఎంతమంది మనవాళ్ళు ఆ డబ్బు తిరిగి తెచ్చుకున్నారు? ప్రకటన వచ్చిన వారంలోనే హెడ్‌మాస్టరు దగ్గరికి పోవాలి. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే స్కాలర్‌షిప్‌కు దరఖాస్తులు కూడా మన ఆఫీసులో నింపి పెట్టాలి.

ఐదు. యాజమాన్యంతో మాట్లాడేటప్పుడు కొత్త కోరిక ఒకటి చేర్చాలి. ఆపద వచ్చిన నెలలో కార్మికుడికి వడ్డీ లేని అడ్వాన్సు. ఎందుకంటే, ఇందాక చెప్పినట్టు, అప్పు పుట్టని ఇల్లే పిల్లవాడిని బడి నుంచి తీస్తుంది. రెండు నెలల పగారు చేతికందితే ఒక పిల్ల పది ఏళ్ళ చదువు నిలబడుతుంది. మన సంక్షేమ నిధి నుంచి కూడా ఇందుకు కొంత వేరుగా పెట్టాలని కార్యవర్గం ముందు తీర్మానం పెడుతున్నాను.

ఆరు. ఇది మన ఇళ్ళకు సంబంధించింది. కష్టం వచ్చినప్పుడు మొదట ఆడపిల్లను బడి మాన్పించే అలవాటు పోవాలి. "ఒక్క ఏడే కదా" అనే మాట మన ఇళ్ళలో వినబడకూడదు. ఆ ఒక్క ఏడు ఎప్పటికీ ఒక్క ఏడుగా మిగలదు. వినబడిన రోజు పక్కింటివాళ్ళు పోయి కూర్చొని మాట్లాడాలి. అది వాళ్ళ ఇంటి సంగతి, మనకెందుకు అనుకునేవాడు యూనియన్ మనిషి కాడు.

అన్నలారా, అక్కలారా! వానను మనం ఆపలేం, తెప్పించలేం. భూమి కదలకుండా పట్టుకోలేం. కానీ వాన లేని ఏడు పుట్టిన బిడ్డ ముప్పయి ఏళ్ళ తర్వాత గేటు బయట నిలబడాలా, లోపల ఫిట్టర్‌గా నిలబడాలా అన్నది ఆకాశం తేల్చేది కాదు. ప్రభుత్వం, యాజమాన్యం, మనం కలిసి తేల్చేది. మొదటి ఇద్దరిని కదిలించాలంటే మూడోవాడు ముందు లేవాలి. వచ్చే నెల వాడ కమిటీల సమావేశానికి ప్రతి కార్యకర్త ఆ నోటుబుక్కుతో రావాలని కోరుతూ ముగిస్తున్నాను.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!